మీటింగ్ స్ట్రీట్, 61వ నంబరు ఇల్లు



1946 జులై 28, ఆదివారం. అమెరికాలో ఏబీసీ రేడియోలో ఆర్సన్ వెల్స్ మైకు ముందు కూర్చుని ఒక అఫిడవిట్ చదవడం మొదలుపెట్టారు. వెల్స్‌కి అప్పటికే సినిమాల్లో, నాటకాల్లో పెద్ద పేరుంది. ఆయన గొంతు దేశమంతా ఎరిగినదే. ఆ రోజు ఆ గొంతు చదివింది నాటకం కాదు. ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సైనికుడు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం.

అందులో ఉన్న సంగతి ఇది, ఊరి పేరూ పోలీసు పేరూ మాత్రం తర్వాత తేలినవి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ రంగంలో పనిచేసి సార్జెంటుగా తిరిగొచ్చిన వుడర్డ్‌కి ఆ ఏడాది ఫిబ్రవరి 12న జార్జియా రాష్ట్రంలో, అగస్టా దగ్గరి సైనిక శిబిరంలో డిశ్చార్జి కాగితాలు ఇచ్చారు. ఒంటిమీది యూనిఫాంతోనే ఆయన బస్సెక్కారు, భార్య దగ్గరికి వెళ్లడానికి. దారిలో బస్సు ఆగినచోట, బాత్‌రూముకి వెళ్లొస్తాను, కాస్త ఆగుతారా అని డ్రైవర్ని అడిగారు. డ్రైవరు కసురుకున్నాడు. నేనూ నీలాంటి మనిషినే, మర్యాదగా మాట్లాడమన్నారు వుడర్డ్. సౌత్ కరోలినాలో బేట్స్‌బర్గ్ అనే చిన్న ఊరు వచ్చేసరికి డ్రైవరు బస్సాపి పోలీసుల్ని పిలిచాడు. ఊరి పోలీసు చీఫ్ లిన్‌వుడ్ షల్ తనని చేతి గుదియతో కొట్టాడనీ, దాని కొసతో కళ్లలో పొడిచాడనీ వుడర్డ్ చెప్పారు. రాత్రంతా లాకప్‌లో పడేశారు. తెల్లారాక ఊరి కోర్టులో నిలబెట్టి 50 డాలర్ల జరిమానా వేశారు. రెండు కళ్లూ పోయాయి, మళ్లీ రాలేదు.

వెల్స్ ఒక్క ఆదివారంతో వదల్లేదు. ఆ పోలీసు ఎవరో, ఏ ఊరివాడో తేలేదాకా వారం వారం రేడియోలో అడుగుతూనే ఉన్నారు. వాంగ్మూలంలో మొదట ఊరి పేరు ఎయికెన్ అని పొరపాటుగా పడింది. అసలు ఊరు ఆ వెతుకులాటలోనే బయటపడింది. సెప్టెంబరులో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ వెళ్లి అధ్యక్షుడు ట్రూమన్‌కి ఈ కథ చెప్పారు. ట్రూమన్ కూడా మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన సైనికుడే. ఆయన కదిలిపోయారు. కొద్దిరోజులకే కేంద్ర న్యాయశాఖ షల్ మీద కేసు పెట్టింది. ఆ కేసు ఏ జడ్జి ముందుకు వచ్చిందో, ఆయన గురించే ఈ ప్రసంగం. పేరు జూలియస్ వేటీస్ వేరింగ్.

అమెరికాలో ఫెడరల్ జడ్జి అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, లేకపోతే ఈ కథ పట్టు దొరకదు. అక్కడ రాష్ట్రాల కోర్టులు వేరు, కేంద్ర ప్రభుత్వపు కోర్టులు వేరు. కేంద్ర కోర్టుల్లో కింద డిస్ట్రిక్ట్ కోర్టు, ఆపైన సర్క్యూట్ అప్పీలు కోర్టు, అన్నిటికీ పైన సుప్రీంకోర్టు. ఈ జడ్జీలను అధ్యక్షుడు ఎంపిక చేస్తే సెనేట్ ఆమోదిస్తుంది. ఒకసారి కూర్చుంటే ఇక జీవితకాలం. మన దగ్గర హైకోర్టు జడ్జికి 62 ఏళ్లు, సుప్రీంకోర్టు జడ్జికి 65 ఏళ్లు నిండితే పదవీ విరమణ. అక్కడ ఆ గీత లేదు. జీతం తగ్గించడానికి లేదు. తప్పు చేశాడని కాంగ్రెస్ అభిశంసించి తొలగిస్తే తప్ప కుర్చీలోంచి ఎవరూ లేపలేరు. ఊరంతా మొహం చాటేసినా ఆ కుర్చీ కదలదు. వేరింగ్ గారికి ఈ సంగతి ఎంత అక్కరకొచ్చిందో ముందుముందు చూస్తారు.

ఆయన 1880లో చార్ల్‌స్టన్‌లో పుట్టారు. సౌత్ కరోలినా తీరంలో పాత రేవుపట్నం అది. అమెరికా అంతర్యుద్ధంలో తొలి ఫిరంగి పేలింది ఆ రేవులోనే. వేరింగ్ వంశం అక్కడ ఎనిమిది తరాలుగా ఉంది. తండ్రి బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది సైన్యంలో సైనికుడు. అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రవాడికి ఎలాంటి నమ్మకాలుంటాయో అవే ఈయనకీ ఉన్నాయి. 1900లో కాలేజీ చదువు ముగించి, లా కాలేజీ గడప తొక్కకుండా ఒక లాయరు గారి ఆఫీసులోనే చట్టం నేర్చుకున్నారు. ప్రభుత్వ సహాయ ప్లీడరుగా పనిచేశారు. తర్వాత నగర పాలక సంస్థకి లాయరు. పెద్దింటి క్లబ్బుల్లో సభ్యత్వం, పెద్దింటి అమ్మాయితో పెళ్లి, ఒక కూతురు. 1938లో కాటన్ ఎడ్ స్మిత్ అనే సెనేటరు ఎన్నికకి చార్ల్‌స్టన్‌లో పనిచేసి పెట్టారు. నల్లవాళ్లని తిట్టి ఓట్లు దండుకోవడంలో ఆ సెనేటరు ఆరితేరినవాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈయన్ని జడ్జిగా నియమించినప్పుడు, 1942 జనవరిలో, ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదు. మనవాడే కదా అనుకున్నారు. అప్పటికి ఆయనకి 61 ఏళ్లు.

నాకు ఈ మనిషి మీద ఇంత ఆసక్తి ఆ 61 దగ్గరే మొదలైంది. చిన్నప్పటినుంచీ తిరగబడ్డవాళ్ల కథలు మనకు చాలా ఉన్నాయి. ఆ వయసులో మన పెద్దలు తీర్థయాత్రల గురించి ఆలోచిస్తారు. ఈయన ఆ వయసులో మారడం మొదలుపెట్టారు.

మార్పు చిన్న చిన్న వాటితో వచ్చింది. కోర్టు హాల్లో తెల్లవాళ్లకి ఒక వైపు, నల్లవాళ్లకి ఒక వైపు కూర్చోవడం ఆపించారు. కోర్టు బంట్రోతుగా జాన్ ఫ్లెమింగ్ అనే నల్లజాతి మనిషిని పెట్టుకున్నారు. 1944లో వయొలా దువాల్ అనే నల్లజాతి టీచరు, తెల్ల టీచర్లతో సమానంగా జీతం ఇప్పించమని వస్తే, ఇందులో వాదించడానికేముంది అన్నట్టు ఇప్పించేశారు. ఆమె తరఫు లాయరు తర్గుడ్ మార్షల్. దక్షిణాది కోర్టుల్లో అవమానాలకి అలవాటుపడ్డ మార్షల్‌కి ఆ రోజు తన చెవుల్ని తనే నమ్మబుద్ధి కాలేదు. ఈ మార్షల్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు.

1945లో వేరింగ్ 30 ఏళ్లు దాటిన సంసారాన్ని విడాకులతో తెంచుకున్నారు. వెంటనే ఎలిజబెత్ అనే ఉత్తరాది మహిళని పెళ్లాడారు. ఆమెకి అది మూడో పెళ్లి. చార్ల్‌స్టన్ పెద్దిళ్ల తలుపులు అప్పుడే మూసుకోవడం మొదలైంది. విడాకులకి కోపం వచ్చి దూరం పెట్టారని ఊరివాళ్లు తర్వాత చెప్పుకున్నారు. జడ్జిగారు అది కాదన్నారు. తీర్పులొచ్చాకే తలుపులు మూశారని ఆయన వాదన. నాకు చూడగా రెండింట్లోనూ నిజముంది. మొదటి భార్య ఏనీ గారి బాధని ఈ పెద్దకథలో పడి మనం దాటిపోకూడదు.

ఇక వుడర్డ్ కేసు. 1946 నవంబరు 5, కొలంబియా నగరం. జ్యూరీ మొత్తం తెల్లవాళ్లే. విచారణ ఒక్క రోజులో అయిపోయింది. ప్రాసిక్యూషన్ లాయరు కేసుని నిలబెట్టాలని చూస్తున్నాడో, వదిలించుకోవాలని చూస్తున్నాడో తెలియని తీరులో నడిపాడు. సాక్ష్యం ముగిసి జ్యూరీ లోపలి గదిలోకి వెళ్లబోతోంది. జడ్జిగారికి అర్థమైంది, వీళ్లు అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి నిర్దోషి అంటారని. ఒక మనిషి కళ్లు పోయిన కేసు అయిదు నిమిషాల్లో తేలిపోవడం ఆయనకి సహించలేదు. జడ్జి లేకుండా జ్యూరీ తీర్పు చెప్పడానికి వీల్లేదు. నేను ఇరవై నిమిషాలు బయట తిరిగొస్తాను అని కోర్టువాళ్లకి చెప్పి, ఆయన వీధిలోకి నడిచి వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి జ్యూరీ తయారుగా ఉంది. అరగంట తిరక్కుండానే నిర్దోషి అన్నారు. హాల్లో జనం చప్పట్లు కొట్టారు. ఎలిజబెత్ కన్నీళ్లు పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు.

ఆ ఇరవై నిమిషాల నడక నా మనసులోంచి పోదు. జడ్జి చేతిలో అధికారం ఉంది, కానీ జ్యూరీ మనసు మీద లేదు. కాబట్టి తన దగ్గరున్న ఒక్క వస్తువు, సమయం, అదే ఇచ్చారు. వుడర్డ్‌కి ఆ కోర్టులో దక్కిన గౌరవం అంతే.

ఆ రోజు తర్వాత భార్యాభర్తలిద్దరూ పుస్తకాల్లో పడ్డారు. స్వీడన్ పండితుడు గునార్ మిర్దాల్ అమెరికా జాతి సమస్య మీద రాసిన పెద్ద గ్రంథం, దక్షిణాది మనస్తత్వం మీద డబ్ల్యు.జె. క్యాష్ రాసిన పుస్తకం కలిసి చదివారు. తను పుట్టి పెరిగిన ఊరిని 66వ ఏట పుస్తకంలో చదివి తెలుసుకోవడం ఎలాంటి అనుభవమో ఊహించండి.

తర్వాతి ఏడాది ఓటు కేసు వచ్చింది. సౌత్ కరోలినాలో అప్పుడు డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, గెలిస్తే చాలు, అసలు ఎన్నిక నామమాత్రం. ఆ ప్రైమరీలో నల్లవాళ్లకి ఓటు లేదు. 1944లో టెక్సస్ కేసులో సుప్రీంకోర్టు ఇది చెల్లదంటే, సౌత్ కరోలినా శాసనసభ ప్రైమరీల మీదున్న చట్టాలన్నీ రద్దు చేసేసి, మా పార్టీ ఒక ప్రైవేటు క్లబ్బు, ఎవర్ని రానివ్వాలో మా ఇష్టం అంది. కొలంబియాలో చిన్న దుకాణం నడుపుకునే జార్జ్ ఎల్మోర్ దీని మీద కేసు వేశారు. 1947 జులైలో వేరింగ్ తీర్పిచ్చారు: దుకాణానికి బోర్డు మార్చినంత మాత్రాన సరుకు మారదు, ఓటు ఇవ్వాల్సిందే. సౌత్ కరోలినా మళ్లీ ఈ దేశంలో చేరే సమయం వచ్చింది అని కూడా రాశారు. అంతర్యుద్ధానికి ముందు దేశం నుంచి మొదటగా విడిపోయిన రాష్ట్రం అదే. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పార్టీవాళ్లు ఓటు వేసేవాళ్లు జాతుల వేర్పాటుకి మద్దతుగా ప్రమాణం చెయ్యాలని మరో ఎత్తు వేస్తే, దాన్నీ కొట్టేశారు. ఈసారి ధిక్కరిస్తే జరిమానా ఉండదు, జైలే అని హెచ్చరించారు. 1948 ఆగస్టు ప్రైమరీలో నల్లజాతివారు వేల సంఖ్యలో వరసల్లో నిలబడి ఓటేశారు.

ఎల్మోర్ మాత్రం చితికిపోయారు. దుకాణానికి సరుకు ఇచ్చేవాళ్లు ఆపేశారు, అప్పులవాళ్లు మీదపడ్డారు, భార్య మానసికంగా దెబ్బతిన్నారు. 1959లో పేదరికంలోనే పోయారు. జడ్జికి జీవితకాలపు కుర్చీ ఉంది. కేసు వేసినవాడికి ఏముంది?

ఆ కుర్చీలో ఉన్నాయన ఇంటి సంగతి కూడా చెప్పాలి. మీటింగ్ స్ట్రీట్, 61వ నంబరు. పాత పెద్దిళ్ల మధ్య ఇల్లు. 1950 జనవరి 16న ఎలిజబెత్ గారు చార్ల్‌స్టన్‌లో నల్లజాతి మహిళల వై.డబ్ల్యు.సి.ఏ.లో ప్రసంగిస్తూ, దక్షిణాది తెల్లవాళ్లకి జబ్బు చేసిందని ముఖం మీదే అనేశారు. సరిగ్గా పది రోజులకి మన దేశంలో రాజ్యాంగం అమల్లోకొచ్చింది, పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆమె మాట విన్నాక చార్ల్‌స్టన్‌లో కోపం కట్టలు తెంచుకుంది. మార్చిలో ఆ ఇంటి ముందు శిలువ తగలబెట్టారు. దక్షిణాదిలో ఆ మంట అంటే బెదిరింపు. అక్టోబరులో ఒక రాత్రి భార్యాభర్తలిద్దరూ ముందు గదిలో కెనాస్టా అనే పేకాట ఆడుకుంటుంటే కిటికీలోంచి కాంక్రీటు పెళ్లలు వచ్చిపడ్డాయి. అద్దాలు పగిలాయి. ఆ తర్వాత కేంద్ర భద్రతాధికారుల కాపలా పెట్టారు. రాష్ట్ర శాసనసభలో ఈయన్ని అభిశంసించాలని తీర్మానాలు, ఇద్దరికీ టికెట్లు కొనిచ్చి రాష్ట్రం దాటించాలని ఇంకో తీర్మానం. ఆ ఇంటికి విందుకి వచ్చేవాళ్లు అప్పటికి దాదాపు నల్లజాతి స్నేహితులే.

ఇప్పుడు అసలు కేసు. చార్ల్‌స్టన్‌కి ఉత్తరంగా క్లారెండన్ కౌంటీ, పత్తి పొలాల ప్రాంతం. అక్కడ 1949-50లో ఒక్కో తెల్ల పిల్ల మీద బడికి పెట్టిన ఖర్చు 179 డాలర్లు. నల్ల పిల్ల మీద 43. తెల్ల పిల్లలకి 30 బస్సులు, నల్ల పిల్లలకి ఒక్కటీ లేదు. రెవరెండ్ జోసెఫ్ డిలైన్ అనే పాస్టరు, బడిపంతులు కూడా, ఊరూరా తిరిగి తల్లిదండ్రులతో అర్జీ మీద సంతకాలు పెట్టించారు. అక్షరక్రమంలో ముందొచ్చిన పేరు హ్యారీ బ్రిగ్స్. నౌకాదళంలో పనిచేసొచ్చి పెట్రోలు బంకులో ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. సంతకం పెట్టినందుకు ఆ ఉద్యోగం పోయింది. భార్య ఎలైజా ఒక మోటల్లో గదులు సర్దేవారు. సంతకం చెరిపెయ్యమని నీ భర్తకి చెప్పు అన్నారు. ఆమె చెప్పలేదు. ఆ పనీ పోయింది. డిలైన్ గారి ఇల్లు తర్వాత కాలి బూడిదైంది.

మార్షల్ ఈ కేసుని జాగ్రత్తగా వేశారు. బళ్లు సమానంగా లేవు, సమానం చెయ్యండి అని. 1896 నుంచీ సుప్రీంకోర్టు మాట అదే: వేరుగా ఉంచొచ్చు, సమానంగా ఉంటే చాలు. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మనకి దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. రెండో గ్లాసుని ఎంత తోమి మెరిపించినా అది రెండో గ్లాసే.

1950 నవంబరు 17న వేరింగ్ మార్షల్‌ని ముందుకు పిలిచి, ఈ దావా వెనక్కి తీసుకో, వేరు చెయ్యడమే రాజ్యాంగవిరుద్ధమని సూటిగా మళ్లీ వెయ్యి అన్నారు. అలా వేస్తే అప్పటి చట్టం ప్రకారం ముగ్గురు జడ్జీల బెంచి వినాలి. వాళ్ల తీర్పు మీద అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే వెళుతుంది. తన బెంచిలో ఇద్దరు ఒప్పుకోరనీ, కేసు ఓడిపోతుందనీ వేరింగ్‌కి తెలుసు. ఓడిపోతేనే పైకి వెళుతుందనీ తెలుసు. ఒక జడ్జి ఒక పక్షం లాయరుకి దావా ఎలా వెయ్యాలో చెప్పడం తగునా? నేను చాలాసార్లు ఆలోచించాను. తగదనే నాకనిపిస్తుంది. జడ్జి కుర్చీ కొంచెం వెనక్కి ఉండాలి, వకీలు కుర్చీ దగ్గరికి జరగకూడదు. అయినా ఆ రోజు ఆయన జరక్కపోతే క్లారెండన్ పిల్లలకి మహా అయితే కొత్త రేకుల షెడ్డు దక్కేది. ఈ రెండు మాటలూ నాలో ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.

1951 మే 28, మళ్లీ వేసిన ఆ దావా విచారణకి వచ్చిన రోజు. క్లారెండన్ నుంచి జనం తెల్లారకముందే బయల్దేరి చార్ల్‌స్టన్ కోర్టుకి వచ్చారు. హాలు నిండి వరండాల్లో, మెట్ల మీద, బయట వీధిలో నిలబడ్డారు. లోపలున్నవాళ్లు విన్నది విన్నట్టు వెనక్కి అందిస్తుంటే మెట్ల కిందిదాకా వార్త పాకింది. తమ పిల్లల మాట కోర్టులో నిలబడి చెప్పే రోజుని వాళ్లు చూడటానికి వచ్చారు.

సాక్షుల్లో కెన్నెత్ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన బొమ్మలు పట్టుకుని క్లారెండన్ బళ్లకి వెళ్లారు. అన్నీ ఒకేలాంటి బొమ్మలు, రంగు తప్ప. 16 మంది పిల్లల ముందు పెట్టి అడిగారు: మంచి బొమ్మ ఏది? చెడ్డ బొమ్మ ఏది? 11 మంది గోధుమరంగు బొమ్మని చెడ్డదన్నారు. తర్వాత, నీలాంటి బొమ్మ ఏది అని అడిగారు. ఇందాక చెడ్డదన్న బొమ్మనే కొందరు చూపించాల్సి వచ్చింది. ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు వాళ్లు.

జూన్‌లో తీర్పు. జాన్ పార్కర్, జార్జ్ బెల్ టిమ్మర్మన్ ఇద్దరూ వేర్పాటు చెల్లుతుందన్నారు, బళ్లు మాత్రం బాగుచెయ్యమన్నారు. వేరింగ్ ఒక్కరే అసమ్మతి తీర్పు రాశారు. ఎంత సమానం చేసినా, వేరు చెయ్యడంలోనే అసమానత ఉందని. జాతి ద్వేషమనే జబ్బు చిన్నతనంలోనే, బడిలోనే అంటుకుంటుందనీ, అక్కడే వదిలించాలనీ రాశారు. మనిషిని రంగుని బట్టి ఎలా కొలుస్తారని కూడా ప్రశ్నించారు. క్లార్క్ సాక్ష్యాన్ని ఆయన ఎంత శ్రద్ధగా విన్నారో ఆ పేజీల్లో కనిపిస్తుంది.

1952లో, పదేళ్ల సర్వీసు నిండగానే, కుర్చీ దిగి భార్యతో న్యూయార్క్ వెళ్లిపోయారు. 1954 మే 17న సుప్రీంకోర్టు బళ్లలో వేర్పాటు మీద వచ్చిన బ్రౌన్ కేసులో తొమ్మిది మందీ ఒకే గొంతుతో తీర్పు చెప్పింది. క్లారెండన్ కేసూ అందులో కలిపిందే. వేరుగా ఉంచిన బడి స్వభావరీత్యానే అసమానమని తేల్చింది. క్లార్క్ పరిశోధన ఆ తీర్పు అధోజ్ఞాపికలోకెక్కింది. మార్షల్ 1967లో సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. వేరింగ్ కోర్టులో ఒక కేసు వాదనలు చూడటానికొచ్చిన మాథ్యూ పెరీ అనే నల్లజాతి యువకుడు లాయరై, 1979లో అదే సౌత్ కరోలినాలో ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి అయ్యారు.

వుడర్డ్ 1992దాకా బతికారు. బేట్స్‌బర్గ్ ఊరి కోర్టు ఆనాడు ఆయన మీద పెట్టిన నేరాన్ని కొట్టేసింది 2018లో. 2015లో చార్ల్‌స్టన్ ఫెడరల్ కోర్టు భవనానికి వేరింగ్ పేరు పెట్టారు. అప్పటిదాకా దానికి సెనేటర్ హాలింగ్స్ పేరుండేది. ఆయనే తన పేరు తీసేసి జడ్జిగారి పేరు పెట్టమని అడిగారు. అలా అడిగిన రాజకీయ నాయకుడు నాకు ఇంకొకరు తెలియరు.

వేరింగ్ గారు 1968 జనవరి 11న న్యూయార్క్‌లో 87వ ఏట చనిపోయారు. తనని వెలేసిన ఊళ్లోనే, చార్ల్‌స్టన్ మాగ్నోలియా శ్మశానంలో ఖననం చేశారు. ఎనిమిది తరాల బంధువర్గం ఉన్న ఊరు అది. తెల్లవాళ్లు పదీ పన్నెండు మంది వచ్చారు. నల్లజాతివాళ్లు ఊరి నుంచి కార్లు బారుగా కట్టుకుని వచ్చారు, రెండు వందల మంది దాకా.